కెడిల్‌స్టన్ హాల్: కిటికీ ఒక్కటీ లేని ఆ పెద్ద హాలు మీకూ మండువాలాగే అనిపించిందా?

డెర్బీ_వాసు:
అందరికీ నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని డెర్బీలో ఉంటున్నాం. ఊరికి వాయవ్యంగా నాలుగు మైళ్ళ దూరంలో కెడిల్‌స్టన్ హాల్ ఉంది, 1987 నుంచి పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉన్న ఇల్లు. ఇన్నేళ్ళుగా పిల్లల్ని పార్కులో ఆడించి తీసుకొచ్చేయడమే తప్ప ఇంట్లోకి వెళ్ళింది లేదు. మొన్న ఆదివారం వాన మొదలైతే తలదాచుకోవడానికని టికెట్ కొని లోపలికెళ్ళాం, అప్పట్నుంచీ అదే ఆలోచన.

ముందు ముఖద్వారం చెప్తాను. ఉత్తరం వైపు గోడ ఈ చివర నుంచి ఆ చివరికి దాదాపు 107 మీటర్లు. మధ్యలో పెద్ద భవనం, దాని ముందు ఆరు కోరింథియన్ స్తంభాల పోర్టికో. రెండు పక్కలా చెరో చిన్న భవనం, వాటిని మధ్య ఇంటికి కలుపుతూ చేతులు చాచినట్టు వంపు తిరిగిన వరండాలు. లోపల మార్బుల్ హాల్. 67 అడుగుల పొడవు, 37 వెడల్పు, 40 ఎత్తు. రెండు పక్కలా కలిపి 20 స్తంభాలు, ఒక్కోటి 25 అడుగులు. గోడల్లో గూళ్ళు, గూళ్ళలో విగ్రహాలు. కిటికీ మాత్రం ఒక్కటి కూడా లేదు! వెలుతురంతా పైకప్పులోని అద్దాల నుంచే దిగుతుంది. బయట మబ్బు కదిలితే లోపల స్తంభాల మీద రంగు మారుతోంది. అక్కడ నిలబడితే నాకు పాలకొల్లు దగ్గర మా తాతగారి మండువా లోగిలే గుర్తొచ్చింది. గదులన్నీ చుట్టూ ఉండి వెలుగు మధ్యలోంచి రావడం, అదే కదా. ఇది నాకు మాత్రమే అనిపించిందా, లేక దీని వెనక ఏమైనా సంగతి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి_గట్టు:
వాసు గారూ, చదవగానే బాగుంది గానీ పూర్తిగా ఒప్పుకోలేను. మండువా అంటే స్తంభాలూ వెలుతురూ మాత్రమే కాదండీ. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది, వాన పడితే నాలుగు చూర్ల నుంచి నీళ్ళు మధ్య గుంటలోకి జారతాయి, అక్కడి తూములోంచి బయటికి పోతాయి. చిన్నప్పుడు మేం నలుగురం నాలుగు చూర్ల కింద గిన్నెలు పెట్టి ఎవరిది ముందు నిండుతుందా అని పందెం వేసుకునేవాళ్ళం. వడియాలు ఆరేదీ, పసిపిల్లలకి నూనె రాసి పడుకోబెట్టేదీ అక్కడే. పెళ్ళివారొస్తే ఆకులు వేసేదీ దాని చుట్టూనే. మీరు చెప్పే హాల్లో అద్దం మూసేసి ఉంది, వాన రాదు, ఎవరూ కూర్చోరు. వెలుతురు పైనుంచి వస్తే చాలదు కదా మండువా అనడానికి. అక్కడ తూము ఉందా? లేదంటే నా దృష్టిలో అది వేరే జాతి.

కట్టుబడి:
ఇద్దరి మాటలోనూ నిజముంది. నేను ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్తాను, ఈ ఇంటి ప్లాను ఏటా పిల్లలకి చూపిస్తాను, అందుకని కాస్త ఎక్కువే రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

ఆ హాలు నిజంగానే మండువా వంశం. పాత రోమన్ ఇళ్ళలో మధ్యన ఏట్రియం అని ఉండేది. కప్పు మధ్యలో ఖాళీ, దాని కింద వాననీళ్ళు పడే గుంట. గట్టు గారు చెప్పినట్టే, తూముతో సహా. కెడిల్‌స్టన్‌కి ఇప్పటి రూపం ఇచ్చిన ఆర్కిటెక్ట్ రాబర్ట్ ఆడమ్ స్కాట్లండ్ మనిషి, 1755 నుంచి 57 దాకా ఇటలీలో ఉండి ఆ శిథిలాలు కొలిచి బొమ్మలు గీసుకున్నాడు. ఇప్పటి క్రొయేషియాలోని స్ప్లిట్‌లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ ప్యాలెస్ కూడా 1757లో కొలిచాడు. మార్బుల్ హాల్‌ని ఏట్రియంగా, దాని వెనక అతిథుల కోసం ఉన్న గుండ్రటి సలూన్‌ని రోమ్‌లోని పాత గుడి పాంథియాన్‌లాగా ఊహించాడు. సలూన్ అడ్డంగా 42 అడుగులు, ఎత్తు 62, పైన డోమ్, డోమ్ నడినెత్తిన వెలుతురుకి గుండ్రటి అద్దం. ముందు పొడుగాటి హాలు, తర్వాత గుండ్రటి గది. రోమ్‌ని తెచ్చి డెర్బీషైర్ చలిలో పెట్టాడు, అందుకే పైన అద్దం బిగించక తప్పలేదు. ఆ అద్దం దగ్గరే మీ ఇద్దరి వాదన ఆగిపోయింది.

ఇంకో విషయం, ఇది ఒక్కడి పని కాదు. 1758లో ఆస్తి చేతికొచ్చిన సర్ నథానియల్ కర్జన్ ముందు ఆర్కిటెక్ట్ మాథ్యూ బ్రెటింగామ్‌కి పని అప్పగించాడు, ఈశాన్యంలో కుటుంబం ఉండే చిన్న భవనం ఆయన మొదలుపెట్టిందే. తర్వాత జేమ్స్ పెయిన్ అనే ఇంకో ఆర్కిటెక్ట్ వచ్చి వంటిల్లున్న రెండో భవనం, మధ్య భవనం ఎత్తాడు. ఆడమ్‌ని మొదట పార్కులో వంతెనా అవీ చూడమన్నారు, 1760 కల్లా ఇల్లు మొత్తం అతని చేతిలోకి వచ్చేసింది. మూడేళ్ళలో ముగ్గురు! ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే ఆ మార్పు తెలుస్తుంది. ముందువైపు ప్లాను ఇటలీ ఆర్కిటెక్ట్ పల్లాడియో పద్ధతి, లెక్క ప్రకారం బిగించినట్టుంటుంది. పెయిన్ ప్లానులో దక్షిణం వైపు సలూన్ గోడ బయటికి గుండ్రంగా ఉబ్బి ఉండాలి. ఆడమ్ దాన్ని చదును చేసి, రోమ్‌లోని కాన్‌స్టంటైన్ విజయతోరణాన్ని తెచ్చి ఇంటి గోడకి అతికించాడు. నాలుగు స్తంభాలు గోడ నుంచి ముందుకు వచ్చి ఒక్కోటి ఒక్కో విగ్రహాన్ని మోస్తుంటాయి. గోడ కదులుతున్నట్టు ఉండాలని అతని పట్టుదల. నాకు ఆ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైంది ఆ వెనక గోడే.

అసలు ప్లానులో పక్క భవనాలు రెండు కాదు, నాలుగు. దక్షిణం వైపు మరో రెండు, ఒకటి సంగీతానికి, ఒకటి మొక్కలకి. అవి కట్టనేలేదు.

రాళ్ళ_కథ:
నాది జియాలజీ. మార్బుల్ హాల్ అని పేరే గానీ ఆ 20 స్తంభాలు మార్బుల్ కాదు, అలబాస్టర్. పక్క జిల్లా నాటింగామ్‌షైర్‌లో తవ్విన రాయి. నేల మాత్రం మార్బుల్.

తేడా చిన్నది కాదండీ. మార్బుల్ సున్నపురాయి జాతి, అలబాస్టర్ జిప్సం జాతి, అంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చేసే రాయే, గడ్డగా మెత్తగా పేరుకున్న రూపం. గోటితో గీస్తే గీత పడుతుంది. నీళ్ళు తగిలితే కొద్ది కొద్దిగా కరుగుతుంది. అందుకే బయట పోర్టికోలో ఈ రాయి వాడలేరు, పదేళ్ళ వానకే అంచులు మొద్దుబారతాయి. ఇంట్లో, పైన అద్దం ఉంటేనే అది నిలుస్తుంది. గట్టు గారూ, మీ ప్రశ్నకి రాయి జవాబిది. అక్కడ తూము పెట్టి వాన పడనిస్తే 20 స్తంభాలూ పాడైపోతాయి.

మెత్తన కాబట్టే లాభం కూడా ఉంది. ఆ స్తంభాలు మొదట నున్నగా నిలబెట్టారు, నిలువు గాడులు 1770లలో తర్వాత చెక్కారు. నిలబడి ఉన్న గ్రానైట్ స్తంభానికి అలాంటి పని ఊహించండి! వాసు గారూ, ఈసారి వెళ్తే దగ్గరగా చూడండి, గులాబీ రంగులో గోధుమ చారలు, అక్కడక్కడ ఆకుపచ్చ మరకలు ఉంటాయి. చారలు ఏ రెండు స్తంభాల్లోనూ ఒకేలా ఉండవు.

సుజాత_పుస్తకాలు:
అందరూ మెచ్చుకుంటున్నారు, నేను కాస్త అటు వైపు మాట్లాడతాను. ఇంగ్లీషు డిక్షనరీ రాసిన శామ్యూల్ జాన్సన్ 1774లో ఈ ఇల్లు చూసి, డబ్బు బోలెడంత పోశారు గానీ ఏర్పాటు బాగాలేదని రాసుకున్నాడు. గుండ్రటి సలూన్ దేనికీ పనికిరాదన్నాడు. పడకగదులు చిన్నవి, చీకటివి, జైలుకి సరిపోతాయన్నాడు. వంటింటి వేడీ పొగా ఇల్లంతా పాకుతున్నాయన్నాడు.

నేను నాలుగేళ్ళ క్రితం చూశాను, నాకూ ఆయన మాటే నిజమనిపించింది. వంటిల్లు ఒక పక్క భవనంలో, భోజనాల గది మధ్య ఇంట్లో. వంపు వరండా అంతా నడిచి రావాలి కూర. అందుకే ఆడమ్ భోజనాల గదిలో ఒక చివర గోడని అర్ధచంద్రంగా తొలిచి, సైడ్‌బోర్డులు, పళ్ళేలు వెచ్చబెట్టే సామానుతో సహా అన్నీ అక్కడ అమర్చాడు. చూడ్డానికి అద్భుతం, నిజమే. కానీ ఆ కూర మోసుకొచ్చినవాళ్ళ కాళ్ళ సంగతి ఆలోచించారా ఎవరైనా? వంటింట్లో పొయ్యి పైన, వృథా చేయకపోతే కొరత ఉండదు అన్న అర్థంలో చెక్కించారు. ఆ అక్షరాలు చదువుతూ పనిచేసిన మనుషుల గురించి గైడ్ ఒక్క ముక్క చెప్పలేదు, నాకు చాలా బాధేసింది.

ఇంకా పెద్ద విషయం. ఆ ఇంటి ముందు పచ్చిక అంత విశాలంగా ఎలా వచ్చింది? అక్కడ ఊరుండేది. కెడిల్‌స్టన్ ఊరిని ఎత్తేసి దూరంగా పెట్టారు, రోడ్డు కూడా తిప్పించారు. 1700 ప్రాంతంలో కట్టిన పాత ఇంటిని కూల్చేశారు. మిగిలింది చర్చి ఒక్కటే, 12వ శతాబ్దపు మొదలున్న ఆల్ సెయింట్స్, ఇంటి పక్కనే ఆనుకున్నట్టు ఉంటుంది. చుట్టూ ఊరు లేని ఊరి గుడిలాగా.

డెర్బీ_వాసు:
సుజాత గారూ, చర్చి ఒంటరిగా ఎందుకుందో నాకు ఇప్పటిదాకా తెలియదు, నిజంగా. మా పిల్లలు పరిగెత్తే పచ్చిక కింద ఇళ్ళుండేవని ఇక ఎప్పుడూ గుర్తొస్తుంది.

కాకపోతే సలూన్ పనికిరాదంటే మాత్రం మనసొప్పడం లేదు. డోమ్ కింద నడి మధ్యలో నిలబడి మా చిన్నది చిన్నగా పాడింది, ఆ గొంతు చుట్టూ తిరిగి వచ్చింది! కట్టుబడి గారూ, సలూన్ గూళ్ళలో దేవుడి పీఠాల్లాగా నల్లటివి ఉన్నాయి, అవేంటి?

కట్టుబడి:
అవి పొయ్యిలు! పోత ఇనుముతో చేసి, పైకి రోమన్ బలిపీఠాల్లా కనిపించేలా ఆడమ్ డిజైన్ చేశాడు. గుండ్రటి గదిలో ఎక్కడ మామూలు పొయ్యి పెట్టినా రూపం చెడుతుంది, పెట్టకపోతే అక్కడ జనవరిలో నిలబడలేరు. సుజాత గారి విమర్శ న్యాయమే గానీ ఒకటి గమనించాలి, ఈ మధ్య భవనం ఉండడానికి కట్టిందే కాదు. కుటుంబం ఉండేది పక్క భవనంలో. మధ్యది అతిథులకీ, బొమ్మలకీ, చూసిపోయేవాళ్ళకీ. 18వ శతాబ్దంలోనే మర్యాదస్తులు ఎవరొచ్చినా ఇల్లు తిప్పి చూపించడానికి గార్నెట్ అనే హౌస్‌కీపర్ ఉండేది, చేతిలో బొమ్మల జాబితాతో ఆమె చిత్తరువు ఇప్పటికీ అక్కడుంది. పనిమనిషి చిత్తరువు గీయించడం ఆ రోజుల్లో మాటలు కాదు. వెనక గోడ మీద లాటిన్‌లో 1765 సంవత్సరంతో ఒక మాట చెక్కించుకున్నాడు కర్జన్, మిత్రుల కోసం, తన కోసం అని. మిత్రుల్నే ముందు పెట్టాడు.

శ్రీను_కొత్త:
కొత్త సభ్యుణ్ణి, చిన్న డౌటు. అంత ఖర్చు పెట్టి ఉత్తరం వైపు ద్వారం ఎందుకు పెట్టారు, అక్కడ ఎండే పడదు కదా? మనవాళ్ళయితే ఉత్తర ద్వారం మంచిదంటారు, అది వేరే సంగతి.

కట్టుబడి:
ఎండ తక్కువ కాబట్టే శ్రీను గారూ. ఎండ కాసే దక్షిణం వైపు మంచి గదులకీ తోటకీ వదిలేసి, బండి దిగి వచ్చే ద్వారం ఉత్తరానికి పెట్టారు. నీడలో ఉన్న పోర్టికోలోంచి పైనుంచి వెలుగు పడే హాల్లోకి అడుగుపెట్టినప్పుడు కళ్ళు విప్పారతాయి చూడండి, ఆ క్షణం దీనివల్లే వచ్చింది.

ఖరగ్‌పూర్_రావు:
మా నాన్న రైల్వే, నేను పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే, ఇప్పుడు కోల్‌కతా. కట్టుబడి గారు నాలుగు పక్క భవనాల్లో రెండు కట్టలేదన్నారే, ఆ నాలుగూ కట్టారండీ, ఇంగ్లండ్‌లో కాదు, ఇక్కడ! కోల్‌కతా రాజ్‌భవన్ (2025లో లోక్‌భవన్ అని పేరు మార్చారు) కెడిల్‌స్టన్ ప్లానే. 1799లో గవర్నర్ జనరల్ లార్డ్ వెల్లస్లీ మొదలుపెట్టించాడు, 1803కి అయింది. కట్టించిన ఇంజినీరు కెప్టెన్ చార్లెస్ వయట్. ఆ వయట్ కుటుంబానికే చెందిన శామ్యూల్ వయట్ అక్కడ కెడిల్‌స్టన్‌లో ఆడమ్ కింద పని చూసినవాడు. పైగా పెయిన్ తన డిజైన్ల పుస్తకంలో ఆ ఇంటి ప్లాను 1783లోనే అచ్చేయించాడు. కాగితం మీద మిగిలిపోయిన నాలుగు చేతుల ఇల్లు హుగ్లీ ఒడ్డున లేచింది.

ఇక్కడ ఆ నాలుగు చేతులకి వేరే పని పడింది. అక్కడ అందం కోసం, ఇక్కడ గాలి కోసం. ఏ వైపు గాలి వీచినా ఒక భవనం దాన్ని పట్టుకుంటుంది. కానీ రాయి లేదు, ఇటుక కట్టి సున్నం పూసి రాయిలా కనిపించేట్టు చేశారు. వంటిల్లయితే మరీ దూరం, కాంపౌండ్ బయట! సుజాత గారూ, మీరు కెడిల్‌స్టన్ వరండాకే బాధపడ్డారు, ఇక్కడ కూర వీధి దాటి వచ్చేది.

వెల్లస్లీ ఇంత డబ్బు పోశాడని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు మండిపడ్డారు. దాదాపు వందేళ్ళకి, 1899లో, ఆ భవనంలోకి వైస్రాయ్‌గా వచ్చింది ఎవరనుకున్నారు? కెడిల్‌స్టన్‌లోనే 1859లో పుట్టిన జార్జ్ నథానియల్ కర్జన్. పుట్టిన ఇంటి నకల్లో కూర్చుని పాలించాడు, 1905లో బెంగాల్‌ని రెండు ముక్కలు చేశాడు. మా బెంగాలీ మిత్రుల ఇళ్ళల్లో ఆ పేరు ఎత్తితే ఇప్పటికీ పెద్దవాళ్ళ ముఖం మారుతుంది.

సుజాత_పుస్తకాలు:
రావు గారు చెప్పింది చదివి ఒకటి గుర్తొచ్చింది. కెడిల్‌స్టన్‌లోనే కర్జన్ ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన వస్తువులతో ఒక మ్యూజియం ఉంది. 1903 ఢిల్లీ దర్బారులో ఆయన భార్య మేరీ వేసుకున్న నెమలి గౌను కూడా అక్కడిదే. బంగారు జరీతో నెమలి ఈకలు కుట్టి, ఈక కన్ను ఉండే చోట జువెల్ బీటిల్ అనే మెరిసే పురుగుల ఆకుపచ్చ రెక్కలు పొదిగారు. కుట్టిన చేతులు ఢిల్లీవి. ఆ గాజు పెట్టె ముందు నేను చాలాసేపు నిలబడ్డాను, ఒక్క దర్జీ పేరు కూడా అక్కడ లేదు.

కర్జన్ అంటే కోపం ఉన్నా, 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చింది ఆయన హయాంలోనే అన్నది కూడా రాయాలి, లేకపోతే నాకే తప్పుగా ఉంటుంది.

కోఠి_రమ:
ఇన్ని ఊళ్ళు తిరిగారు, మా కోఠి వదిలేశారేంటి? నేను చదివింది ఉమెన్స్ కాలేజీలో. మా దర్బార్ హాల్ బ్రిటిష్ రెసిడెన్సీ, కోల్‌కతా భవనం పూర్తయిన 1803లోనే ఇది మొదలైంది. కట్టించింది నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా ఉన్న రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్, డిజైన్ మద్రాస్ ఇంజినీర్స్‌లోని శామ్యూల్ రసెల్. ఖర్చు నిజాముది. ప్లాను పెద్ద కాగితం మీద గీసి చూపిస్తే నిజాం ఒప్పుకోలేదనీ, అదే చిన్న కార్డు మీద గీసి తీసుకెళ్తే సరేనన్నాడనీ ఒక కథ చెబుతారు. ముందు అదే ఆరు కోరింథియన్ స్తంభాలు, మెట్లకి రెండు పక్కలా సింహాలు, పైన ముక్కోణంలో కంపెనీ ముద్ర. 1949లో కాలేజీ అక్కడికి వచ్చింది.

మేం చదివే రోజుల్లో ఆ స్తంభాల దగ్గరే నోట్స్ రాసుకునేవాళ్ళం. ఒక స్తంభం అడుగున పూత ఊడి లోపల ఇటుకలు కనిపించేవి, అరచేతికంటే సన్నటి ఇటుకలు, వాటి మధ్య సున్నం ఇటుకంత మందంగా ఉండేది. పరీక్షల టెన్షన్‌లో అక్కడ కూర్చుని ఆ సున్నాన్ని గోటితో గీకేదాన్ని, ఎంత గీకినా రాలేది కాదు. వెనక తోటలో అదే భవనం చిన్న నమూనా ఉండేది. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా పరదా దాటి ముందువైపు రాలేదు కాబట్టి ఆమె చూడ్డానికి కట్టించాడని చెప్పుకునేవారు. చాలా ఏళ్ళ మరమ్మతు తర్వాత 2023లో దర్బార్ హాల్ మళ్ళీ తెరిచారు. కప్పు మీద రంగులేసిన కాగితపు గుజ్జు పలకల నగిషీ చూసి ఏడుపొచ్చింది నాకు. మా రోజుల్లో అది ఊడి వేలాడేది.

సున్నం_బట్టీ:
రమ గారూ, మీ గోటికి రాలని సున్నం గురించి నేను చెప్తా. మా తాత, నాన్న ఇద్దరూ డంగు సున్నం పనివాళ్ళు. సున్నాన్ని నీళ్ళలో చంపి రోజుల తరబడి నానబెట్టి, ఎద్దులు తిప్పే గానుగలో ఇసుకతో కలిపి నూరేవారు. కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపేవారు. పై పూతకి గుడ్డు తెల్లసొన కలిపి నున్నటి రాయితో గంటల కొద్దీ రుద్దితే అద్దంలా మెరుస్తుంది, దూరం నుంచి చూస్తే పాలరాయే. మద్రాసు చునాం అని తెల్లవాళ్ళు మురిసిపోయింది దాన్ని చూసే. సున్నం గాలి పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి గట్టిపడుతుంది, మళ్ళీ రాయిగా మారుతుంది. అందుకే రాలేదు.

రాళ్ళ కథ గారు చెప్పినదాన్ని పక్కన పెట్టి చూడండి. అక్కడి స్తంభం నిజమైన రాయి, గోటికి లొంగుతుంది, వానకి ఆగదు. మన కోఠి స్తంభం ఇటుకా సున్నం, గోటికి లొంగలేదు, రెండొందల వానాకాలాలు చూసింది. దాన్ని నకలు అంటే నేను ఒప్పుకోను. ప్లాను అక్కడిదే కావచ్చు, స్తంభం మాత్రం మావాళ్ళది. సిమెంటుతో అతుకులు వేసినప్పుడే అలాంటి కట్టడాలు దెబ్బతింటాయి, సిమెంటు లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు, పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మా ఊళ్ళో ఒక పాత గుడికి అదే చేశారు, నాన్న వద్దని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆ గోడ చూస్తే అన్నం సయించదు.

రాళ్ళ_కథ:
బట్టీ గారూ, సున్నం తిరిగి రాయవుతుందన్నది అక్షరాలా నిజం. కెమిస్ట్రీ ప్రకారం అది సున్నపురాయే అవుతుంది, అంటే మార్బుల్ జాతి. ఆ లెక్కన మార్బుల్ అనే పేరు కెడిల్‌స్టన్ స్తంభాల కంటే కోఠి పూతకే ఎక్కువ నప్పుతుంది.

గోదారి_గట్టు:
ఈ చర్చ మొదట్లో నేను కాస్త గట్టిగా మాట్లాడాను. ఏట్రియంలో గుంటా తూమూ ఉండేవన్న మాట చదివాక ఆ రోమన్ ఇళ్ళ ప్లానులు వెతికి చూశాను, మా అమ్మమ్మగారిల్లు చూసినట్టే ఉంది. వాసు గారికి అనిపించింది తప్పు కాదు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది, అక్కడి నేలలో తూము ఆనవాలు ఏమైనా ఉందా?

డెర్బీ_వాసు:
మళ్ళీ వెళ్ళొచ్చాను, ఈసారి అమ్మతో. పోయిన వారమే పాలకొల్లు నుంచి వచ్చింది. వెళ్ళే ముందు ఏమీ చెప్పలేదు, మీ చర్చ కూడా చూపించలేదు. పోర్టికో దాటి హాల్లోకి అడుగు పెట్టింది, చుట్టూ ఒకసారి చూసింది, స్తంభం దగ్గరికెళ్ళి చారల్ని చూస్తూ కాసేపు నిలబడింది. చేయి పెట్టబోతే అక్కడున్నావిడ వద్దన్నారు. వెంటనే వెనక్కి తగ్గి నేల మీది నగిషీ వెంబడి మెల్లగా మధ్యదాకా నడిచింది. అందరూ పైకి చూస్తారు కదా, అమ్మ తల వంచుకుని నేలంతా వెతుకుతోంది.

ఏం చూస్తున్నావమ్మా అంటే, "వానొస్తే నీళ్ళెటు పోతాయిరా, ఎక్కడా వాలు లేదే" అంది.